మూడో గది

“మావయ్యా, పొద్దెక్కింది. ఇక లేవండి.”

“లేవను.”

“జావ చల్లారిపోతోంది.”

“చల్లారనీ. ఇందులో పడుకున్నోడికి చల్లటి జావే మర్యాద.”

రుయింగ్ జావగిన్నె పట్టుకుని పెట్టె అంచున నిలబడింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మావగారు తావ్ షౌగెన్ వాకిట్లో, తన ఆయుష్షు పెట్టెలో, అంటే బతికుండగానే చేయించుకున్న శవపేటికలో, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కొత్త నీలం కోటు వేసుకున్నాడు. టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. చేతులు రెండూ పొట్ట మీద పద్ధతిగా పెట్టుకున్నాడు. తెల్లవారగానే లేచి, ముఖం కడుక్కుని, పళ్ళు తోముకుని మరీ అందులోకి ఎక్కాడు.

ఆ పెట్టె ఆయన అరవయ్యో ఏట చేయించుకున్నది. కర్పూరం చెట్టు చెక్క. అప్పటినుంచి ఏటా ఒక పూత నల్లలక్క వేస్తూ వచ్చాడు. ఇప్పుడందులో చెక్క కన్నా లక్కే ఎక్కువ. దాని మీద వాలిన ఈగ ఏదీ నిలబడింది లేదు, జారి నేరుగా పక్కూళ్ళో పడేది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళంతా దాని మూతలో చూసుకునే బొట్టుబిళ్ళ అంత ఎరుపు పెదాలకి అద్దుకుని వెళ్ళారు.

ఇప్పుడు ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు లేరు. ఊరే లేదు, ప్రభుత్వం పడగొట్టేస్తోంది. హెంగ్‌టాంగ్‌లో నూట ఆరు ఇళ్ళకి నూట అయిదు ఖాళీ అయ్యాయి. వెళ్ళేవాళ్ళు తలుపులూ కిటికీలూ ఊడదీసుకుపోయారు. ఏటి మీంచి వచ్చిన మంచు ఆ ఖాళీ గుమ్మాల్లోంచి లోపలికి వెళ్ళి, వెనక కిటికీలోంచి బయటికి వచ్చి, పక్కింట్లోకి దూరుతోంది. చుట్టాల్లా అన్ని ఇళ్ళూ పలకరిస్తోంది. మంచు పైన, దూరంగా, కొత్త మేడలు ఏడు కనిపిస్తున్నాయి. వాటికి కింది అంతస్తులు లేవు. పదో అంతస్తు నుంచి మొదలై గాల్లో తేలుతున్నాయి.

నాలుగో మేడలో, పదిహేడో అంతస్తులో, రుయింగ్ గది ఉంది.

ఇంకా ఆమెది కాలేదు. మధ్యాహ్నం పన్నెండులోపు ఇంటి పెద్ద కాగితం మీద వేలిముద్ర వేసి ఇల్లు వదిలితే మొదటి విడత చీటీల్లో చెయ్యి పెట్టొచ్చు. మొదటి విడతలో అన్నీ దక్షిణం కిటికీ ఉన్న ఫ్లాట్లే; ఈ వీధికి నాలుగో మేడలో పదిహేడో అంతస్తు ఇచ్చారు, ఏ ఫ్లాటన్నదే చీటీలో తేలుతుంది. ఇంట్లో నలుగురుంటే మూడు గదులు, ముగ్గురుంటే రెండు. తావ్ వాళ్ళింట్లో నలుగురు: మావగారు, మొగుడు కైమిన్, జిల్లా ఆసుపత్రిలో నర్సు చదువుతున్న కూతురు నింగ్‌సి, ఆమె. మావగారికొకటి, పిల్లకొకటి, మూడోది మొగుడూ పెళ్ళాలది. కైమిన్ ఏడాదిలో పదకొండు నెలలు కట్టుబడి పనుల మీదే ఉంటాడు కాబట్టి అది పేరుకి ఇద్దరిదైనా నిజానికి ఆమెదే.

దానికి తలుపుంటుంది. తలుపుకి లోపలి గడియ ఉంటుంది.

పంతొమ్మిదేళ్ళు ఆమె దక్షిణాన బూట్ల ఫ్యాక్టరీలో అడుగట్టలు అతికించింది. ఆమె అతికించిన బూట్లన్నీ ఒకేసారి నడిస్తే సముద్రం అవతలి ఒడ్డు కుంగిపోతుంది. అన్నేళ్ళూ ఎనిమిదిమంది ఆడవాళ్ళ గదిలో, పై మంచం మీద, పూల తెర వెనక పడుకుంది. ఆ తెర ఆమెకున్న ఒకే ఒక గోడ. కింది మంచం అమ్మాయి తుమ్మితే అది ఊగేది. ఇంకా చూడని ఆ పదిహేడో అంతస్తు గదిలో ఆమె ఇప్పటికే చాలాసార్లు నిద్రపోయింది. నిద్రలో గడియ పెట్టిన చప్పుడు వినిపించేది.

“మీకు పెట్టె కావాలి. పెట్టె తీసుకెళ్తాం అన్నాం కదా,” అంది.

“లిఫ్టులో పట్టదు.”

“పడుతుంది.” ఆ మాట అన్నది కైమిన్. గొంతుకి కొలత టేపు వేలాడేసుకుని, చెమటలు కక్కుతూ గుమ్మంలోంచి వచ్చాడు. గుమ్మానికి తలుపు లేకపోయినా అలవాటు కొద్దీ తోసుకుని వచ్చాడు. “నాలుగో మేడకి ఇనుపకడ్డీలు కట్టింది నేనే నాన్నా. ఆ లిఫ్టు గొయ్యి నాకు అరచెయ్యంత తెలుసు. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి కొలిచొచ్చా. నిలువుగా, కొంచెం ఏటవాలుగా పెడితే సరిగ్గా పడుతుంది.”

షౌగెన్ టోపీ కొంచెం పైకెత్తాడు. “నిలువుగానా?”

“ఆ.”

“అంటే రేపు నేనూ నిలబడే ఉండాలా? పదిహేడు అంతస్తులూ? పోయాక కూడా బస్సులో సీటు దొరకనోడిలా?”

“ఖాళీ పెట్టె నాన్నా! ఇవాళ ఖాళీగానే కదా వెళ్ళేది!”

“ఖాళీగా లేదే. నేనున్నా.”

కైమిన్ పెళ్ళాం వైపు చూశాడు. పెళ్ళాం చూస్తుందనగానే చూపు కొలత టేపు మీదికి దించుకున్నాడు. ఈ వారం నుంచీ ఇదే వరస. ఆమె ఎదురైతే మొగుడికి ఏదో ఒకటి కొలవాల్సిన పని గుర్తొస్తోంది. నిన్న నీళ్ళ తొట్టి కొలిచాడు. మొన్న పెరట్లో కోడిని కొలిచాడు.

“ఏమయ్యా, ఏమైంది నీకు?”

“ఏమీ లేదే. మంచు.”

“మంచుకీ కళ్ళకీ ఏంటి సంబంధం?”

“కళ్ళలోకి పోతుంది కదా.”

వీధి మైకు ఖణేలుమంది. ‘ముందు కదిలినవారికి ముందు సుఖం, కొత్త ఇంట్లో కొత్త బతుకు’ అని ఆడగొంతు పాడింది. మూడు నెలలుగా రోజుకి నలభైసార్లు వినీ వినీ ఊళ్ళో కుక్కలకి కూడా అది కంఠతా వచ్చింది. చివరి మాట దగ్గర అన్నీ కలిసి అందుకునేవి. కుక్కలు వెళ్ళిపోయాక పాట బోసిగా ఉంది.

ఆ గొంతు గల మనిషే పసుపు హెల్మెట్ పెట్టుకుని, చంకలో ట్యాబుతో, చేతిలో కాగితాల అట్టతో లోపలికొచ్చింది. పెంగ్ జూహువా. పునరావాస కమిటీ డైరెక్టరు. ఇదే ఊరి పిల్ల. చిన్నప్పుడు షౌగెన్ ప్రాణంలా చూసుకునే కమలాపళ్ళు దొంగిలించి చెట్టు మీంచి పడి, ఆయన వీపు మీదే ఆసుపత్రికి వెళ్ళిన పిల్ల. అందుకే ఊళ్ళో అందరి మీదా అరిచే డైరెక్టరు ఈ వాకిట్లో మాత్రం గొంతు తగ్గిస్తుంది.

“తాతా, లేవవా?”

“పెంగోళ్ళ చిన్నదానా, నువ్వా? హెల్మెట్ తీసేయ్. పెట్టెలో ఉన్నోణ్ణి నేను, నెత్తి మీద పెంకులు నీకెందుకు పడతాయి?”

“రూలు తాతా.” ఆమె పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. “రుయింగక్కా, సామాన్ల చిట్టాలో దీన్ని రాయకూడదు. శవపేటికలు మేడల్లోకి ఎక్కనివ్వం అని పైనుంచి ఉత్తరం వచ్చింది.”

“అయితే ఏం రాస్తావు?”

పెంగ్ చాలాసేపు ఆలోచించింది. ఆలోచిస్తున్నంతసేపూ పక్కన దించి ఉన్న పెట్టె మూతలో తన ముఖం చూసుకుని, జుట్టు సర్దుకుంది. తరవాత రాస్తూ పైకి చదివింది. “అలమారా. పెద్దది. ఒకటి.”

“పడుకునే అలమారా,” అన్నాడు షౌగెన్.

“తాతా, నువ్వు అలమారాలో ఉన్న బట్టవి. బట్టలు మాట్లాడవు.”

రుయింగ్‌కి నవ్వొచ్చింది. పని అయిపోయినట్టేననిపించింది. “ఇంకేంటి మావయ్యా? పెట్టె వస్తోంది. లిఫ్టులో పడుతోంది. కాగితంలో ఎక్కింది. లేవండి, వేలిముద్ర వేద్దురుగాని.”

ముసలాయన కాసేపు ఆకాశం వంక చూశాడు.

“కోడి,” అన్నాడు.

“ఏ కోడి?”

“నల్లది. అది పదిహేడో అంతస్తులో గుడ్డు పెట్టదు. దానికి ఎత్తంటే భయం.”

“కోడికి నేను వసారాలో గూడు కడతా,” అన్నాడు కైమిన్.

“నూతి నీళ్ళు. కుళాయి నీళ్ళతో టీ కాస్తే సబ్బు తాగినట్టుంటుంది.”

“రెండు డబ్బాలు పట్టి ఉంచాను,” అంది రుయింగ్.

“మిరపకాయ పచ్చడి జాడీ...”

“బండెక్కింది.”

“కింది జాడీ కాదు. మచ్చ ఉన్నది.”

“మచ్చ ఉన్నదే ఎక్కింది!”

ఆయన కళ్ళు వాకిలంతా తిరిగాయి. ఇంకో కారణం కోసం వెతుకుతున్నాడని రుయింగ్‌కి అర్థమైంది. ఒక్కో కారణాన్నీ ఆమె తీసి పక్కన పెడుతుంటే ఆయన దాని కింద ఇంకొకటి పెడుతున్నాడు. ఆయనకి పెట్టె బాధ కాదు. కోడి బాధా కాదు. మరి ఏ బాధ?

“మావయ్యా, నా మొహం చూసి చెప్పండి. ఎందుకు లేవరు?”

షౌగెన్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. కైమిన్ గోడ కొలవడం మొదలుపెట్టాడు. ఇంకో గంటలో పడగొట్టబోయే గోడ.

పదకొండు అయ్యేసరికి ముసలాయనకి పొద్దున తాగిన మూడు లోటాల టీ అడ్డం తిరిగింది. ఇంతసేపూ ప్రభుత్వానికి లొంగని మనిషి దానికి లొంగిపోయాడు. కైమిన్ ఒక రెక్క, పెంగ్ ఒక రెక్క పట్టుకుని బయటికి దించారు.

“అమ్మాయ్, చోటు చూస్తుండు. ఎవర్నీ పడుకోనియ్యకు,” అని కోడలికి అప్పజెప్పి పెరట్లోకి వెళ్ళాడు.

అదే అదను. ఆయన మళ్ళీ ఎక్కితే ఇక దించడం ఎవరివల్లా కాదు. రుయింగ్ చెప్పులు విడిచి తనే పెట్టెలోకి ఎక్కి పడుకుంది.

ఒక్క నిమిషం అనుకుంది. ఆయన వస్తాడు, చోటు లేదంటాను, కుర్చీలో కూచుని వేలిముద్ర వేస్తాడు, అంతే.

కానీ వీపు చెక్కకి ఆనగానే చప్పుళ్ళన్నీ దూరంగా జరిగాయి. ఏటి ఒడ్డున యంత్రం గురగురమంటున్నది పక్క దేశంలో ఎవరో గురక పెడుతున్నట్టుంది. రెండు పక్కలా నల్లటి గోడలు. నునుపుగా, చల్లగా, ఎవరు తుమ్మినా ఊగని గోడలు. పైన పొడుగాటి తెల్లటి ఆకాశం ముక్క. కాళ్ళు చాపింది. అవతల ఎవరి తలా తగల్లేదు. చేతులు చాపింది. తన చేతులే తనకి తగిలాయి.

కర్పూరం వాసన. జిగురు వాసన తలకెక్కి ఎన్నేళ్ళుగానో ఆమెకి అన్నం వాసన కూడా సరిగా తెలియదు. ఇది తెలిసింది. ముక్కులోంచి మెల్లగా లోపలికి వెళ్ళి, ఒక్కో దీపం వెలిగిస్తూ తిరిగింది. ఆకాశం ముక్కలోకి మంచు దిగింది. మంచులోంచి బూట్లు నడిచి వచ్చాయి. ఎడమవీ కుడివీ, తెల్లవి, మనుషులు లేనివి, వరసగా. ఆమె అతికించినవే. అన్నీ వచ్చి పెట్టె చుట్టూ మర్యాదగా ఆగాయి. ‘లోపలికి రావచ్చా’ అన్నాయి. ‘గడియ వేసుకున్నాను’ అంది ఆమె. ‘సరేనండి’ అని వెనక్కి తిరిగి, చప్పుడు చెయ్యకుండా ఏరు దాటి వెళ్ళిపోయాయి.

“అక్కా. రుయింగక్కా.”

పెంగ్ పెట్టె అంచు మీద వంగి ఉంది. “పదకొండున్నర దాటింది. పన్నెండుకి చీటీల డబ్బా మూసేస్తారు. తాత వచ్చాడు. నువ్వు లేచినా లేవకపోయినా పేర్లు చదివేస్తాను. పైకి చదివి వినిపించాకే వేలిముద్ర. అది రూలు.”

“చదువు,” అంది రుయింగ్, కళ్ళు తెరవకుండానే. అంత హాయిగా ఉంది.

“వద్దు,” అన్నాడు షౌగెన్.

“చదవొద్దు పెంగ్, అక్కర్లేదు, నాన్న నేరుగా వేసేస్తాడు,” అన్నాడు కైమిన్.

తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకే మాట మీద ఉండటం గత ఇరవయ్యేళ్ళలో అదే మొదటిసారి. రుయింగ్ కళ్ళు తెరిచింది.

పెంగ్ అప్పటికే చదువుతోంది. “ఇంటి నంబరు నలభై ఒకటి. తావ్ షౌగెన్. తావ్ కైమిన్. తావ్ నింగ్‌సి. మొత్తం ముగ్గురు. రెండు గదుల ఫ్లాటు.”

మంచు కూడా నిలబడిపోయినట్టనిపించింది.

“నాలుగోది?” పెట్టెలోంచి వచ్చింది గొంతు.

పెంగ్ కాగితం తిప్పి చూసింది. వెనక ఖాళీ. “మూడే ఉన్నాయక్కా. నీకు తెలుసనుకున్నా. జాబితా గోడ మీద అతికించాం కదా.”

“ఏ గోడ?”

“కమిటీ గోడ.”

“అతికించిన రోజే ఆ గోడ పడగొట్టారు కదే!”

“మధ్యాహ్నం పడగొట్టారు,” అంది పెంగ్. “పొద్దునంతా ఉంది.”

రుయింగ్ లేచి కూర్చుంది. పెట్టె అంచులు రెండు చేతులా పట్టుకుంది. “ఏమయ్యా. నా పేరు పట్నం నమోదులోంచి ఊరి నమోదులోకి తిరిగి మార్పించమని కాగితం నీ చేతికిచ్చా. మూడేళ్ళ కిందట. ఫ్యాక్టరీ మూసేసి నేను వచ్చిన రోజే. మార్పించాను అన్నావు.”

కైమిన్ దగ్గర కొలవడానికి ఏమీ మిగల్లేదు. టేపు లాగాడు, వదిలాడు. అది చటుక్కున లోపలికి పోయింది.

“వెళ్ళా. రెండుసార్లు వెళ్ళా. ఊరి మనిషి పట్నం మనిషి కావచ్చంట. పట్నం మనిషి మళ్ళీ ఊరి మనిషి కాకూడదంట. కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల నవ్వింది. ‘అందరూ ఎక్కే మెట్లు మీ ఆవిడ దిగుతానంటోందేంటి’ అంది.”

“అది నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నీ మొహం ఎలా అవుతుందో తెలుసు. ఆ మొహం చూడలేక తిరిగా.”

“మూడేళ్ళా?”

“పని కూడా దూరంగానే దొరికింది,” అన్నాడు కైమిన్ మెల్లగా.

రుయింగ్‌కి పదకొండేళ్ళ కిందటి సంగతి కళ్ళ ముందుకొచ్చింది. ఫ్యాక్టరీలో నాలుగువేల మందిలో పదిమందికి పట్నం నమోదు ఇచ్చారు, అంటే ఊరి పుస్తకంలోంచి పేరు తీసి పట్నం పుస్తకంలో ఎక్కించారు. పదిమందిలో ఆమె ఒకతి. ఊళ్ళో పొలం వాటా ఊరికి తిరిగిచ్చేసింది. ఊరంతా భోజనాలు పెట్టారు. మావగారు కాల్చిన టపాసులకి పక్కూరి బర్రెలు మూడు రోజులు పాలివ్వలేదు. ‘మా కోడలు ఇక పట్నం మనిషి’ అని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పాడు. అప్పుడు పట్నం నమోదుంటే దేవతే. ఇప్పుడు ఊరి నమోదుంటే మూడు గదులు. ఆ పట్నంలో ఆమె చిరునామా ఇప్పటికీ ఒక మూతపడ్డ వసతిగది, ఒక పై మంచం.

“మావయ్యా, మీకు తెలుసా?”

షౌగెన్ నూతి గట్టు మీద కూర్చున్నాడు. కోటు గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నాడు. “పోయిన వారం తెలిసింది. ఇల్లు కొలిచేవాళ్ళు ఇంట్లోవాళ్ళ పేర్లుండే కుటుంబ పుస్తకం అడిగితే వీడి బిస్కెట్ల డబ్బాలోంచి తీశా. నీ పేజీ ఉంది. దాని మీద ముద్రుంది. ‘వెళ్ళిపోయారు’ అని. ఎదురుగా పొయ్యి దగ్గర నువ్వు నూడుల్స్ ఉడకేస్తున్నావు. నేను పుస్తకం చూస్తే వెళ్ళిపోయావు, తలెత్తితే ఉన్నావు. నాకేం చెయ్యాలో తోచలా. వీడు చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాడు. నేను వేలిముద్ర వేస్తే ఆ ముద్రే నిజమైపోతుంది. అందుకని పడుకున్నా.”

“పడుకుంటే ఏమవుతుంది?”

“ఏమో. పడుకున్నోడి చేత వేయించరు కదా.”

“తాతా, వెయ్యకపోతే మొదటి విడత పోతుంది,” అంది పెంగ్. “మిగిలినవన్నీ ఉత్తరం వైపువే. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన. అదీ ఎప్పుడిస్తారో. నింగ్‌సి పండక్కి ఎక్కడికొస్తుంది? అక్క పేరు కోసం జిల్లాకి అర్జీ పెట్టుకోవచ్చు. పెడితే ఏడాది. రెండేళ్ళు.”

“నేను రెండేళ్ళు పడుకుంటా. నాకు అలవాటైంది.”

“వేసెయ్ నాన్నా!” కైమిన్ తండ్రి ముందుకొచ్చాడు. “రెండు గదులైనా వస్తాయి. నేను హాల్లో పడుకుంటా. అసలు రాను. ఇది నా గది తీసుకుంటుంది...”

“నీకు గదెక్కడిదిరా,” అన్నాడు షౌగెన్. “ఆ గది ఎవరిదో వీధిలో కుక్కకి తెలుసు. మూడు నెలల్నుంచీ ఈ పిల్ల నిద్రలో గడియ వేసుకుంటోంది. చెయ్యి ఇలా తిప్పుతుంది. నువ్వు ఇంట్లో ఉంటే కదా చూసేది.”

రుయింగ్ తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. అది ఆమెకి చెప్పకుండా ఏమేం చేస్తోందో.

ముసలాయన లేచి వచ్చాడు. పెంగ్ చేతిలోని ఎర్రసిరా డబ్బీ మూత తనే తీసి, బొటనవేలు గట్టిగా అద్దాడు. ఆ వేలు కోడలి ముందు చాపాడు.

“అమ్మాయ్. వెయ్యమంటే వేస్తా, వద్దంటే కడిగేసుకుంటా. నువ్వు పట్టుకో.”

పన్నెండుకి పదకొండు నిమిషాలుంది.

రుయింగ్ పెట్టెలోంచి దిగింది. చెప్పులు వేసుకుంది. మావగారి మణికట్టు పట్టుకుంది. ఎండుకొమ్మలా ఉంది. ఇంకో చేత్తో పెంగ్ అట్ట మీంచి కాగితం లాక్కుంది. మూడు పేర్ల కింద కావలసినంత తెలుపుంది.

“పెన్ను,” అంది.

“అక్కా...”

“పెన్నే అడిగా. మేడ అడగలేదు.”

పెంగ్ ఇచ్చింది. రుయింగ్ కాగితం పెట్టె మూత మీద పరిచి, బూట్ల పెట్టెల మీద నంబర్లు రాసే తన చదునైన అక్షరాలతో నాలుగో పేరు రాసింది. జెంగ్ రుయింగ్. మొత్తం ముగ్గురు అన్నచోట ‘మూడు’ మీద గీత కొట్టి పక్కన ‘నాలుగు’ అని పెట్టింది. మావగారి వేలిని తన పేరు పక్కన ఆన్చి, ముందుకీ వెనక్కీ దొర్లించి, బాగా నొక్కింది. గీతలన్నీ పడ్డాయి.

“అది చెల్లదక్కా,” అంది పెంగ్. గొంతు మైకులో గొంతులా లేదు. “చీటీలు తీసే గుడారంలో ఉన్న ట్యాబులో ముగ్గురనే ఉంటుంది. చీటీ తీసే మనిషి పేరు అది అడుగుతుంది. నేను నోరు మూసుకున్నా అది మూసుకోదు.”

“నువ్వు నోరు మూసుకుంటావా?”

పెంగ్ హెల్మెట్ తీసి, మళ్ళీ పెట్టుకుంది.

“చాలు,” అంది రుయింగ్. కాగితం ఆరేలా ఊదింది. మొగుడి వైపు చూడకుండానే అంది: “కైమిన్, ఆ బిస్కెట్ల డబ్బా తీసుకుని నా వెనకే రా. అడిగితే మూడేళ్ళ సంగతీ నువ్వే చెప్తావు. నా మొహం చూస్తూ చెప్తావు.”

వీధి చివర చీటీల గుడారం మంచులో నీలంగా కనిపిస్తోంది. అక్కణ్ణుంచి ముగ్గురి పేర్లతో పిలిచే గొంతు వినపడింది: ఇంటి నంబరు నలభై ఒకటి, చీటీ తీసేవాళ్ళు ఎవరు?

“నేను,” అని అరిచింది రుయింగ్, ఇంకా సగం దారిలో ఉండగానే.